ఎస్ అరిగిపోయిన కీబోర్డు

నన్ను తిరగేస్తే నా పుట్టిన ఊరు కనిపిస్తుంది. చైనా అని స్టిక్కరు మీద ఉంది. నాకు మాత్రం ఆ ఊరి సంగతులేవీ గుర్తులేవు. నాకు ఊహ తెలిసింది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒక కొట్లో, అట్టపెట్టెల మధ్య. 2003 ఎండాకాలంలో సన్నటి కుర్రాడొకడు వచ్చి నా మీటలన్నిటి మీదా వేళ్లు పరుగెత్తించాడు. "గట్టిగున్నయి అన్నా, ఇదే ఇయ్యి" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను. ఆ వెంటనే ఇరవై రూపాయలు తగ్గించమని బేరం పెట్టాడు, అది వేరే సంగతి.

బస్సులో ఒళ్లో పెట్టుకుని అల్వాల్ దాకా, అక్కణ్ణుంచి చంకలో పెట్టుకుని మచ్చ బొల్లారం దాకా తీసుకొచ్చాడు. అప్పటికి అల్వాల్ ఇంకా విడి మునిసిపాలిటీయే, గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది 2007లో. ఒక్క షటరు దుకాణం. ముందు జిరాక్స్ మిషను, వెనక డీటీపీ. వచ్చినవాళ్లంతా అతన్ని అన్నా అనేవాళ్లు. కాబట్టి నాకూ అన్నే.

నా మీద మొత్తం నూట నాలుగు మీటలు. వాటిలో ముందుగా రాత పోయింది ఎస్ మీద, ఆ తర్వాత ఎడమ కంట్రోల్ మీద. కారణం కరెంటు. ఎండాకాలం అది ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఆరు నెలలు. నాలుగు పేజీల కరపత్రం ఒకసారి మొత్తం ఎగిరిపోయాక అన్నకు బుద్ధొచ్చింది. అప్పటినుంచి ప్రతి రెండు లైన్లకూ కంట్రోల్, ఎస్. మాట్లాడుతూ కంట్రోల్, ఎస్. చాయ్ తాగుతూ కంట్రోల్, ఎస్. ఏడాది తిరిగేసరికి అక్కడ ఎస్ ఉండేదని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. నా కడుపులో తెలుగు లేదు. ఏ మీట నొక్కారో కంప్యూటరుకు కబురంపడం వరకే నా పని. తెలుగు పుట్టేది అవతల, ఫాంటులో. ఆ రోజుల ఫాంటుకు 256 గళ్లు. ఇంగ్లీషుకు అది రాజభవనం. తెలుగు అక్షరాలకు, గుణింతాలకు, వత్తులకు, వత్తుల కింద వత్తులకు అది ఒంటి గది ఇల్లు. అందుకని ఫాంట్లు చేసినవాళ్లు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో. నేను ఒక్కో మీటకు ఒక్కో ముక్క పంపుతుంటే అవి తెర మీద ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని కింద ఒకటి చేరి, అతుకు కనపడకుండా 'తెలుగు' అయ్యేవి. హైదరాబాద్‌లో అను, పుణెలో మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపి, అన్నీ ఈ దారిలోనే నడిచాయి. కమ్మరి, కంసాలి ఇద్దరి పనీ ఒకడే చేయాలి అందులో. అక్షరం అందం తెలియాలి, యంత్రం లెక్కా తెలియాలి.

ఆ రెండు విద్యలూ అన్నకు అంటుకోవడం నేను కళ్లారా చూశాను, నాకు కళ్లుంటే.

ఒక పెళ్లి పత్రిక వచ్చింది. పెళ్లికూతురి పేరు జ్యోత్స్న. ఎవరు పెట్టారో గానీ డీటీపీ వాళ్ల ఉసురు పోసుకునే పేరది. త కింద స వత్తు, దాని కింద న వత్తు. లావుపాటి శీర్షిక ఫాంటులో ఆ న వత్తు కిందికి జారి, కింది వరుసలో ఉన్న 'చి.' మీద కూర్చుంది. ఇంకొకరైతే వరుసల మధ్య ఎడం పెంచి ఊరుకునేవారు. అన్న ఫాంట్లు దిద్దే ఫాంటోగ్రాఫర్ ప్రోగ్రాం తెరిచాడు. ఆ ఒక్క వత్తును గీతగీతగా విప్పి, తోక కురచ చేసి, వెంట్రుకవాసి ఎడమకు జరిపాడు. బాణం మీటలు ఎన్నిసార్లు నొక్కాడో లెక్క నాకు తెలుసు, చెబితే నమ్మరు. పొద్దున పెళ్లికూతురి అమ్మ ప్రూఫు చూసి, "గిప్పుడు మంచిగున్నది" అని వెళ్లిపోయింది. ముందు ఎందుకు బాగోలేదో, ఇప్పుడెందుకు బాగుందో ఆమె అడగలేదు. అన్న చెప్పలేదు. ట్రేసింగ్ తీసి ఆఫ్‌సెట్‌కు పంపించాడు. పత్రిక అడుగున ముద్రణ అని ప్రెస్సు పేరు పడింది.

ఆ ప్రెస్సు పేరు దగ్గరే నాకు మండుతుంది. కొన్ని వేల పత్రికలు కొట్టాను. ఆహ్వానించేవారి పేర్లు, మేనమామల పేర్లు, పుట్టి మూడు నెలలైనా కాని మనవరాలి పేరు కూడా కొట్టాను. ఆ అక్షరాలు గీసినవాడి పేరు ఒక్కసారీ కొట్టలేదు. కొట్టే దారే లేదు. ఎందుకంటే మా దుకాణంలోకి ఆ ఫాంట్లు వచ్చింది స్కెచ్ పెన్నుతో పేరు రాసిన సీడీలో. దాన్ని అన్న ఇంకో దుకాణం వాడి దగ్గర తెచ్చుకున్నాడు, వాడు ఇంకొకడి దగ్గర. అక్షరానికి అయ్య ఎవరో ఎవరికీ పట్టలేదు. అన్నను వెనకేసుకొస్తాను గానీ ఈ ఒక్క విషయంలో కాదు.

పేజ్‌మేకర్ సంగతీ చెప్పుకోవాలి. పేజీలు పేర్చే ఆ సాఫ్ట్‌వేర్‌ను 1985లో ఆల్డస్ కంపెనీ చేసింది, తర్వాత అది అడోబీ చేతికొచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి కూర్పు. కంపెనీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ పట్టుకుంది. మేం వదల్లేదు. మా ముక్కల ఫాంట్లు దాంట్లో కుదురుగా కూర్చున్నాయి మరి. ఇన్‌డిజైన్‌కు తెలుగు వత్తులు పేర్చడం అధికారికంగా వచ్చింది 2012లో, సీఎస్6తో. అప్పటికి ఆ కంపెనీకి సీఈఓ ఎవరనుకున్నారు? హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చేసిన శంతను నారాయణ్. 2007 డిసెంబరులో ఆ కుర్చీ ఎక్కారు. అన్న ఈ సంగతి పేపర్లో చదివి మురిసిపోయి, ఆ వార్తను దాచుకున్నాడు. ఆ పక్కనే పాత పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోకుండా మొరాయిస్తోంది.

అసలు దెబ్బ ఒక రిటైర్డ్ టీచరు గారి రూపంలో వచ్చింది. 2004లో ఆయన పద్యాల పుస్తకం కొట్టింది నేనే, నూట ఇరవై పేజీలు. అయిదారేళ్లకు మళ్లీ వచ్చి, "మా అబ్బాయి ఇంటర్నెట్‌లో పెడతానంటున్నాడు, కొంచెం పంపు నాయనా" అన్నారు. అన్న ఫైలు పంపాడు. అవతల ఫాంటు లేదు. కొమ్ములు, బ్రాకెట్లు, ఇంగ్లీషు పొడి అక్షరాలు తప్ప ఒక్క తెలుగు ముక్క లేదు. నేను కష్టపడి కొట్టిందంతా పిచ్చిగీతల పోగు. ఆ పెద్దాయన తెర వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు.

ఆ రాత్రినుంచి దుకాణం మూసేశాక అన్న చదువు మొదలైంది. ఏ కంప్యూటర్లోనైనా ఒక అక్షరానికి ఒకే అంకె ఉండేలా చేసే యూనికోడ్ అప్పటికి కొత్తదేం కాదు. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ల చోటుంది. 256 చాలని భాష 128లో ఎలా ఇమిడిందని అన్నకు మొదట నమ్మకం కుదరలేదు. కిటుకు ఏంటంటే, అక్కడ దాచేది ఆకారపు ముక్కల్ని కాదు, అక్షరాల్ని. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వరుసగా ఆరు. వాటిని పేర్చి బొమ్మ కట్టుకునే బాధ్యత ఫాంటుది. ముక్కల ఫాంటులో ఇది తలకిందులు. అక్కడ గుడి ముందే స మీద ఎక్కి కూర్చుంటుంది, వత్తులు తర్వాత వస్తాయి. వరుస సరిచేయకుండా మారిస్తే 'క్రికెట్' కాస్తా 'కి్రకెట్' అవుతుంది. మీరు వెబ్‌సైట్లలో ఈ వింత చూసే ఉంటారు. అదేదో తప్పు టైపింగ్ అనుకుని నావంటి వాళ్లను తిట్టే ఉంటారు కూడా.

అన్న రాసిన మార్పిడి ప్రోగ్రాం మొదటి వారం అన్నీ 'కి్ర'లే కక్కింది. వత్తు కనిపిస్తే వెనక్కి నడిచి గుణింతపు గుర్తును దాటించాలని తట్టిన రాత్రి నా మీద చాయ్ ఒలికింది. స్పేస్‌బార్ కీచుమనడం అప్పట్నుంచే. తుడవలేదు. పెద్దాయన పద్యాలు నూట ఇరవై పేజీలూ శుభ్రంగా తిరిగొచ్చాయి గనక క్షమించేశాను.

ఆ రాత్రుల్లోనే నాకు మిగతా పేర్లు తెలిశాయి. అన్న చదువుకునేటప్పుడు పైకి గొణిగేవాడు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతికి ప్రాణం పోసిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్. కెనడానుంచి పోతన, వేమన ఫాంట్లు ఇచ్చిన తిరుమల కృష్ణ దేశికాచారి. విండోస్‌లో వచ్చిన గౌతమి వెనక ముంబై అక్షరశిల్పి ఆర్.కె. జోషి. ఇంటర్నెట్‌లో తెలుగు కొట్టుకునేందుకు 2006లో లేఖిని పెట్టిన వీవెన్. ఆ తర్వాత సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన మండలి, గిడుగు, ఎన్టీఆర్ ఫాంట్లు గీసి, ప్రోగ్రాం చేసి ఇచ్చిన పురుషోత్ కుమార్ గుత్తుల. వాటిని అన్న దించుకున్న రోజు నాకు పండగే. మా దుకాణంలో దొంగసొత్తు కాని మొదటి ఫాంట్లు అవి.

తర్వాత కథ గబగబా చెప్పేస్తాను, నాకు ఇష్టం లేదు గనక. అన్న చేసిన ప్రోగ్రాం ఎవరి కంటనో పడింది. మాదాపూర్ వైపు ఉద్యోగం. డిజైనర్లూ డెవలపర్లూ వాడుకునే పనిముట్లు చేసే పని. అక్కడ చప్పుడు చేయని కీబోర్డులు ఇస్తారట. దుకాణం బావమరిదికి అప్పగించి వెళ్లాడు.

బావమరిది ఫ్లెక్సీలు మొదలుపెట్టాడు. కొత్త కంప్యూటరొచ్చింది. నా తోక చివర గుండ్రటి ప్లగ్గు, ఆరు పిన్నులు. దానికి అందులో బొక్కే లేదు. అంతే, ఒక్కరోజులో నేను కీబోర్డును కాకుండా పోయాను. మొదట జిరాక్స్ కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా బరువు పెట్టారు. అదన్నా కాగితాల పని, సర్దుకున్నాను. తర్వాత నా మీద వాటర్ క్యాను నిలబెట్టారు. నెమలికంఠం రంగు పూలకుండీ ఒకటి కొన్నాళ్లు. ఎంటరు, బ్యాక్‌స్పేస్ పక్కకు ఒరిగాయి. ఆఖరికి అటకెక్కించారు. అన్న తిన్న బిస్కెట్ల పొడి నా మీటల సందుల్లో ఏళ్లుగా ఉంది. చీమలు రెండు వానాకాలాల్లో దాన్ని మోసుకుపోయాయి. ఎఫ్‌ఐదు దగ్గర బల్లి గుడ్లు పెట్టింది. అన్న లేని ఆ దుకాణంలో నన్ను అవసరపడి వెతుక్కున్నది ఆ బల్లి ఒక్కతే. ఇప్పుడు కుర్రాళ్లు ఫోనుకు నోటితో చెబుతారు, అదే టైపు చేసేస్తుంది. కింద వింటూనే ఉంటాను. జ్యోత్స్న అంటే అది ఏం రాస్తుందో చూడాలని ఉంది.

2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. ఈమధ్య ఒక ఆదివారం అన్న అల్వాల్ స్టేషన్‌లో దిగి వచ్చాడు. జుట్టు నెరిసింది. అటక మీదినుంచి నన్ను దింపి, దుమ్ము ఊది, ఒళ్లో పెట్టుకున్నాడు. కంట్రోల్, ఎస్ నొక్కాడు. తోక గాల్లో వేలాడుతోంది. ఏదీ సేవ్ కాలేదు. "ఉండనీ బావా, పాత సామాన్లాయనకు ఏస్త" అన్నాడు బావమరిది. అన్న ఫోన్లో ఒక ఫొటో తీసుకున్నాడు, గోనెసంచి మీద పెట్టి వెళ్లాడు.

పాత సామాన్ల ఆటో మైకు వీధి మొదట్లో వినిపిస్తోంది. అది వచ్చేలోపు ఒక పని చెబుతాను. మీ కంప్యూటర్లో మీకు నచ్చిన తెలుగు ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. చాలావాటిలో చేసినవారి పేరుంటుంది. మీ ఇంట్లో పెళ్లి పత్రిక వేయించేటప్పుడు దాన్ని అడుగున ప్రెస్సు పేరు పక్కన వేయమని అడగండి. చోటు సరిపోతుంది. కొన్ని వేలు కొట్టినదాన్ని, నాకు తెలుసు.