పనిచెయ్యదన్న కెమెరానే కొనండి

పాత రేంజ్‌ఫైండర్ కెమెరా కొనాలనుకునేవాళ్లకు అందరూ చెప్పే మాటలు ఇవే: మెరిసేది చూసుకో, అన్నీ పనిచేస్తున్నాయని రాసి ఉంటేనే తీసుకో, సీరియల్ నంబరు చూసి ఏ ఏటిదో తేల్చుకో, ఇంటికి రాగానే విప్పించి కొత్తదానిలా చేయించు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. మెరిసేది వద్దు. పనిచెయ్యదన్నదాన్నే అడగండి. నంబరును నమ్మకండి. విప్పించకండి.

గాల్లో మాటలు కాకుండా జోర్కీ-4 పట్టుకుని చెప్తాను. మాస్కో పక్కనున్న క్రాస్నొగోర్‌స్క్ ఫ్యాక్టరీలో 1956 నుంచి 1973 దాకా లక్షల్లో తయారైన కెమెరా ఇది. దీని మూలపురుషుడు 1932 నాటి జర్మన్ లైకా-2. దాన్ని చూసి 1934లో ఖార్కివ్‌లో విద్యావేత్త మకరెంకో నడిపిన పిల్లల కమ్యూన్‌లో ఫెడ్ కెమెరా చేశారు. ఆ నమూనాయే 1948లో క్రాస్నొగోర్‌స్క్‌కు చేరి జోర్కీ అయింది. అన్ని తయారయ్యాయి కనుకే ఇప్పటికీ లైకా ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది, విడిభాగాలకు ఇంకో చచ్చిన కెమెరా కూడా దొరుకుతుంది.

పనిచెయ్యదని అమ్మేవాళ్లలో చాలామందికి ఈ కెమెరా వాడకం తెలియదు. తాతగారి బీరువాలో దొరికింది, నాబ్ తిప్పారు, షట్టర్ ఎక్కలేదు, పాడైందని రాసేశారు. కానీ జోర్కీ-4లో షట్టర్ బటన్ చుట్టూ ఒక చిన్న రింగు ఉంటుంది. రీలు వెనక్కి చుట్టడానికి దాన్ని తిప్పుతారు. తిప్పి అలాగే వదిలేస్తే నాబ్ ఎంత తిప్పినా షట్టర్ ఎక్కదు. రింగును యథాస్థానానికి తెస్తే ఠక్కుమని పలుకుతుంది. ఇంకోటి, ‘వ్యూఫైండర్ మసకగా ఉంది’ అన్న ఫిర్యాదు. వెనక్కి చుట్టే నాబ్ కింద ఒక చిన్న లివర్ దాక్కుని ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్ల చూపుకు తగ్గట్టు సర్దుకోవడానికి పెట్టింది అది. దాన్ని అటూ ఇటూ జరిపితే చాలు, మసక పోతుంది. కొనేముందు అమ్మేవాళ్లను ఈ రెండూ చేసి వీడియో పంపమని అడగండి. ఇది మోసం కాదు. బాగుందని తేలితే నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వండి. ఒక కెమెరా తుక్కులోకి పోకుండా ఆగుతుంది.

మెరిసేది ఎందుకు వద్దంటే, అది వాడనిది. యాభై ఏళ్లు తోలు సంచిలో కూర్చున్న కెమెరాలో గ్రీజు బంకై, గట్టిపడి ఉంటుంది. తోలు సంచిలోని తేమ లెన్సులో బూజు పెంచుతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఒక్క వానాకాలం చాలు. అదే అంచుల్లో రంగు పోయి ఇత్తడి బయటపడిందంటే, దాన్ని ఎవరో ఏళ్ల తరబడి చేతబట్టి తిప్పారని అర్థం. చేత తిరిగిన యంత్రం బిగుసుకోదు. పై రంగు చూసి ధర కట్టేవాళ్లను అల్మరా సింగారించుకోనివ్వండి, ఫొటోలు తియ్యాలనుకునేవాళ్లు అరిగినదాన్ని ఎంచుకోవాలి.

అరిగినదాంట్లో తప్పకుండా చూడాల్సింది ఒకటుంది, షట్టర్ గుడ్డ. ఎస్సెల్లార్‌లో లెన్స్‌కూ షట్టర్‌కూ నడుమ అద్దం ఉంటుంది. రేంజ్‌ఫైండర్‌లో ఏమీ ఉండదు. మూత లేకుండా ఎండలో పెడితే లెన్స్ సూర్యుణ్ణి తెచ్చి ఆ రబ్బరు పూసిన గుడ్డ మీద పెడుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే, సూదిమొనంత చిల్లు పడుతుంది. తర్వాత ప్రతి ఫొటోలోనూ ఒకే చోట తెల్లచుక్క. చూడటం తేలిక. జోర్కీ-4 వెనక తలుపు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. చీకటి గదిలో లెన్స్ తీసి ముందు నుంచి ఫోన్ టార్చి వేసి, వెనక నుంచి చూడండి. నక్షత్రం కనిపిస్తే చిల్లే. వంగే నల్ల ఫ్యాబ్రిక్ పెయింటును సన్నటి కుంచెతో ఆ చుక్క మీద మాత్రం పలచగా అద్ది, ఆరనివ్వండి. గుడ్డే మార్పించాలనేవాళ్ల మాట వినకండి.

ఇక వయసు. జోర్కీ-4 నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన ఏడు చెప్తాయి. 65తో మొదలైతే 1965. బాగానే ఉంది, కానీ ఆ నంబరు ఒక భాగానిది, కెమెరా అంతటిదీ కాదు. దీనికి బిగించి ఉండే జూపిటర్-8 లెన్సుకు దాని నంబరు దానికుంటుంది, అది వేరే ఏడు చెప్పవచ్చు. నడుమ ఏ మెకానిక్కో ఒక పెంకు తీసి ఇంకోటి పెట్టి ఉండవచ్చు. లైకాల సంగతి ఇంకా చిక్కు. పాత మోడళ్లను ఫ్యాక్టరీయే కొత్త మోడళ్లుగా మార్చి ఇచ్చేది, నంబరు మాత్రం పాతదే ఉండేది. అందుకే ముందు ఒంటిని చదవండి. వేగాల చక్రం మీద 25, 50, 100 ఉంటే పాత వరుస. 30, 60, 125 ఉంటే తర్వాతిది. అక్కడికి ఆగితే చాలు. కచ్చితమైన సంవత్సరం కోసం నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఒక్క రీలూ తియ్యకుండా మిగిలిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

బంగారు పూత, గద్ద గుర్తు, జర్మన్ సైన్యం పేరు ఉన్న ‘లైకా’ చవగ్గా కనిపిస్తే లెన్స్ విప్పి లోపల పైభాగం చూడండి. లెన్స్ తోసే చోట గుండ్రటి చక్రం ఉంటే లైకా. కోసుగా చెక్కిన లోహపు వేలు ఉంటే ఫెడ్, లేదా జోర్కీ. మంచి కెమెరా మీద దొంగ పేరు చెక్కడం నాకు ఒళ్లు మండే విషయం. అయినా జోర్కీ ధరకే ఇస్తే కొనండి, అది తీసే ఫొటోలో ఆ పేరు పడదు.

ఇంటికొచ్చాక తొందరగా కుట్టుమిషన్ నూనె చుక్క వెయ్యకండి. నూనె వేసినచోట ఉండదు, పాకి షట్టర్ గుడ్డకూ లెన్స్ రేకులకూ అంటుకుంటుంది. వేగాలను సరిచేయించడమూ వద్దు. 1/1000 నెమ్మదిగా ఉంటే చాలామంది స్ప్రింగును ఇంకాస్త బిగిస్తారు, ఆ భారం ముసలి గుడ్డ మీదా పళ్లచక్రాల మీదా పడుతుంది. దాన్ని మార్చే బదులు తెలుసుకోండి. తలుపు తీసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తియ్యండి. 1/30 దగ్గర ఒకచోట వెలుగు ఎనిమిది ఫ్రేములుండాలి. పన్నెండు ఉంటే అది 1/20 అన్నమాట. కొలిచినవి చీటీ మీద రాసి తలుపు లోపల కాదు, సంచిలో పెట్టుకోండి. ఒక స్టాపు ఎక్కువ వెలుగు పడితే నెగటివ్ ఫిల్మ్ ఓర్చుకుంటుంది. పై వేగాల్లో ఫొటోకు ఒక పక్క నల్లబడితే ఆ వేగాన్ని వదిలెయ్యండి. ఒక్క నియమం మాత్రం దాటకండి: షట్టర్ ఎక్కించాకే వేగం మార్చాలి. ముందే తిప్పితే వేగాల చక్రం మీది చుక్క చూపేది అబద్ధం, లోపల పళ్లూ చెడతాయి.

మొదటి రీలును గోడల మీదా గేట్ల మీదా పరీక్షకు ఖర్చు పెట్టకండి. తాజా 400 బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి, ఇంట్లో మీకు బాగా కావాల్సినవాళ్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మీటరు దూరం, ఎపర్చరు 2. అక్కడ ఫోకస్ నిలిచే లోతు ముందూ వెనకా కలిపి అయిదు సెంటీమీటర్లే. వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మలు కంటిపాప మీద ఒకటయ్యేదాకా లెన్స్ తిప్పి నొక్కండి. నెగటివ్‌లో కన్ను కాక చెవి స్పష్టంగా వస్తే రేంజ్‌ఫైండర్ తప్పింది. అప్పుడు రాత్రి చంద్రుణ్ణి చూసి, లెన్స్ అనంతం దగ్గర ఉండగా రెండు చంద్రులు ఒకటయ్యేలా సర్దించండి. మెకానిక్ చేత చేయించాల్సింది ఆ ఒక్క పనే. మిగతా ముప్పై అయిదు ఫ్రేములూ ఆ ఇంటివాళ్లవే.