విచారణ మొదలయ్యాకే దావా దిద్దుకోండి

దావా వేసిన రోజే అన్నీ సరిగ్గా రాయించేవాళ్లు తొందరపాటు మనుషులు. కేసు తేలిపోయాక వాళ్లకు కోర్టులో పనేముంటుంది? అండమాన్‌లోని మాయాబందర్‌లో పక్కవాడితో మీకు వక్కతోట గట్టు తగాదా ఉందనుకోండి. నేను చెప్పినట్టు చేస్తే మీ మనవలకు కూడా వాయిదాలు మిగులుతాయి.

1. చదవకుండా సంతకం పెట్టండి. ప్లీడరు గుమాస్తా ప్లెయింటు తెస్తాడు, పెన్సిలుతో ఇంటూ పెట్టినచోట గీకేసి టీ తాగండి. పైన రాసిందంతా నిజమని ధ్రువీకరించే పేరా కింద కూడా అంతే. హద్దుల షెడ్యూల్లో తూర్పున ఉండాల్సిన వాగు పడమరకు పోతే పోనివ్వండి. రేపు అదే మీకు పని కల్పిస్తుంది.

2. కాగితాలు దాచండి. స్థలం నక్షాను పాలిథిన్ కవర్లో చుట్టి, ఇనప్పెట్టెలో పెళ్లిచీరల అడుగున పెట్టండి. ప్లీడరు గారు అడిగితే "మావాడు వెతుకుతున్నాడండీ" అనండి.

3. సాక్ష్యం మొదలయ్యేదాకా కదలకండి. ఇష్యూలు ఖరారు కావాలి, మీ చీఫ్ అఫిడవిట్ దాఖలు కావాలి. క్రాస్‌లో అవతలి ప్లీడరు "వాగు ఏ పక్కనండీ?" అని అడిగి మీ నోటితోనే తూర్పు అనిపించాలి. అప్పుడు వేయండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్. ఆ రూలుకు 2002 జులై 1 నుంచి ఒక షరతుంది: విచారణ మొదలయ్యాక సవరణకు ఒప్పుకోరు, తగిన శ్రద్ధ పెట్టినా ముందే చెప్పలేకపోయామని కోర్టుకు నమ్మకం కుదిరితే తప్ప. కాబట్టి "శ్రద్ధ" అనే మాట పిటిషన్లో పదిసార్లు రాయించండి. ఏం శ్రద్ధ పెట్టారో మాత్రం ఒక్కసారీ రాయించకండి.

4. సాకు దగ్గరే మనిషి పనితనం తెలుస్తుంది. అన్నిటికంటే సులువు "టైపులో తప్పు పడింది". ఒక జిల్లా కోర్టులో ఒప్పందం అమలు చేయించమనే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా నడిచింది. ఒప్పందం ప్రకారం నడుచుకోవడానికి సిద్ధంగా ఉన్నామనే ముఖ్యమైన మాటే ప్లెయింట్లో లేదు. వాదనలు ముగిశాక టైపు తప్పన్నారు. మూడు నాలుగు వాక్యాలు ఎగిరిపోతే అది టైపు తప్పెలా అవుతుందని 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీరు వెనకాడకండి. చదవకుండా పెట్టిన ఒక్క సంతకంతో వాళ్లు ఢిల్లీ దాకా వెళ్లొచ్చారు!

టైపు చాలకపోతే బళ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్లాల్సిన అండమాన్ ట్రంక్ రోడ్డు ఉంది. జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ తప్పిపోయి కాగితం అందలేదనండి. మూడేళ్ల ఆలస్యానికి ఒక్కపూట కాన్వాయ్ చాలు. జ్వరమైతే తేదీ వేయకండి. అదీ కాకపోతే పాత ప్లీడరుదే తప్పనండి, ఆయన ఎలాగూ పక్కన ఉండడు.

5. చిన్న సవరణ అడగొద్దు. వాగును తూర్పుకు మార్చమంటే జడ్జిగారు సరే అనే ప్రమాదముంది. గట్టు దావాను ఏకంగా స్వాధీనం దావాగా మార్చమనండి, కాలపరిమితి దాటిన నష్టపరిహారం కూడా కలపండి. మీరు ప్రతివాదైతే జవాబుదావాలో ఒప్పుకున్నదాన్ని తుడిచేయమనండి. సవరణ పేరుతో ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. పాతమాట, మీరు కొత్తగా అడగండి.

6. ఖర్మకాలి అనుమతి వస్తే కంగారుపడకండి. ఉత్తర్వులో గడువు లేకపోతే దిద్దుకోవడానికి 14 రోజులుంటాయి. పదిహేనో రోజు వెళ్లండి. ఖర్చుల కింద ఎంతో కొంత కట్టమంటే అదీ మర్చిపోండి.

7. కొట్టేస్తే ఇంకా మేలు. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ రివిజన్ వేసి, ఇక్కడ స్టే లేకపోయినా "పైకి వెళ్లామండీ" అని వాయిదా అడగండి. ఈలోగా పక్కవాడు వాగువార వక్కమొక్కలు నాటుకుంటాడు. నాటుకోనివ్వండి. అవి కాపుకొచ్చేసరికి మీరు సవరణకు సవరణ రాయించుకోవచ్చు. కాయలెవరివన్నది వేరే దావా.