మీటరేశ్వరరావు గారు

బండికి ఆయిల్ మార్చేవాళ్లున్నారు, టైర్లు మార్చేవాళ్లున్నారు, మూడేళ్లకోసారి బండినే మార్చేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ చివరికి బండి నడవాలి. మీటరు మార్చేవాడికి ఆ పట్టింపు లేదు. ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో, బయట ఎండ ఎన్ని డిగ్రీలుందో అతనికి తెలియాలి. అవన్నీ తెలిశాక బండి స్టాండు మీదే ఉన్నా బాధ లేదు.

మా వీధిలో ఈ జాతికి ప్రతినిధి కోటేశ్వరరావు గారు. బ్యాంకులో ఉద్యోగం, విజయవాడలో సొంతిల్లు, డిగ్రీ చదివే కూతురు, తండ్రి గారి నుంచి సంక్రమించిన పాత బుల్లెట్టు. కొన్నాళ్లుగా ఆయన్ని ఎదురుగా కోటేశ్వరరావు గారనీ, అటు తిరగ్గానే మీటరేశ్వరరావు గారనీ అంటున్నాం.

ఆ బుల్లెట్టు హెడ్‌లైటు డూమ్ మీద ఉండేవి రెండే రెండు ముళ్లు. పెద్దది స్పీడోమీటరుది. ముందు చక్రం దగ్గర్నుంచి కేబులొచ్చి దాని కడుపులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం తాకకుండానే అల్యూమినియం గిన్నెను తనతో లాగుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ ఇద్దరి పేచీ ఎక్కడ తెగితే అక్కడ ముల్లు ఆగుతుంది. ఒట్టో షుల్జె అనే జర్మనీ ఆసామి 1902లో పేటెంటు తీసుకున్న కిటుకు ఇది.

చిన్న ముల్లు ఆంపియర్ మీటరుది. తండ్రి గారి హయాంలో దీనికే గౌరవం. తాళం తిప్పి కిక్ రాడ్ నెమ్మదిగా తొక్కుతుంటే ముల్లు ఒక పక్కకి వాలేది. ఇగ్నిషన్ పాయింట్లు విడగానే మధ్యకొచ్చి నిలబడేది. పిస్టన్ కంప్రెషన్ దగ్గరికొచ్చిందని అర్థం. అప్పుడు డీకంప్రెసర్ మీట నొక్కి రాడ్ కాస్త కిందికి జరిపి, మీట వదిలేసి, ఒక్క తన్ను. బండి అందుకునేది. ఇక స్పీడు ముల్లు నలభైకీ యాభైకీ మధ్య వణుకుతుంటే, “ఎంతో కొంత పోతున్నాంలే” అనుకునేవారాయన.

కొడుకు గారికి ఈ “ఎంతో కొంత” గిట్టదు.

“అనలాగ్ అండీ, యాక్యురసీ ఉండదు” అన్నారు నాతో, దగ్గరివాళ్ల జబ్బు గురించి చెప్పే గొంతుతో.

“పాల ప్యాకెట్టు తేవడానికి ఎంత యాక్యురసీ కావాలండీ?” అని లోపల్నుంచి వాళ్లావిడ.

డిజిటల్ మీటరు పార్సిల్లో వచ్చింది. ఏడు రంగుల్లో వెలుగుతుంది. స్పీడు, ఆర్‌పీఎమ్, పెట్రోలు, గేరు, వోల్టేజి, ఉష్ణోగ్రత, గడియారం అన్నీ అందులోనే. తాళం తిప్పగానే తెర మీద స్వాగతం కూడా చెబుతుంది. ఇంట్లో ఆయనకి అలా స్వాగతం చెప్పేది అదొక్కటే. వెనక డజనుకు పైగా వైర్లు, ఏ రంగు దేనికో చెప్పే చీటీ. మీటరుకి చీటీ ఉంది కానీ బుల్లెట్టుకి లేదు. ఆ వైరింగులో ఏ రంగు వైరు ఏ కాలంలో ఏ మెకానిక్ ఎందుకు లాగాడో ఆ మెకానిక్కులకే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, నల్ల టేపు పట్టుకుని వాకిట్లో కూర్చున్నారు. ఆటోనగర్ తీసుకెళ్లరాదా అని ఒకరిద్దరు అన్నారు. ఈ జాతివాళ్లు మెకానిక్ దగ్గరికి వెళ్లరు. మెకానిక్కే వీళ్ల దగ్గరికి రావాలి, అదీ సాయంత్రం, అంతా విప్పేశాక.

మొదటి దెబ్బ: తాళం తిప్పితే లైటు లేదు, హారన్ లేదు, స్వాగతమూ లేదు. మీటరు డిఫెక్ట్ పీసని తేల్చి, వాపసుకి ఫిర్యాదు రాయడం మొదలెట్టారు. సంగతేమిటంటే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఆంపియర్ మీటరులో దూరి అవతలికి పోవాలి. ఆయన దాన్ని పీకేసి, రెండు వైర్ల కొనలకీ వేటికవి శుభ్రంగా టేపు చుట్టి పెట్టారు. పనితనం బాగుంది, కరెంటు దారే తెగింది. సాయంత్రం వచ్చిన మెకానిక్ కుర్రాడు రెండూ కలిపి మెలిపెట్టాడు. మీటరు వెలిగింది. ఫిర్యాదు మాత్రం అప్పటికే వెళ్లిపోయింది.

రెండోది ఇండికేటర్లు. ఎడమది నొక్కితే నాలుగూ పెళ్లివారింటి సీరియల్ సెట్టులా వెలిగి ఆరడం మొదలెట్టాయి. కొత్త మీటరులో సిగ్నల్‌కి ఒకటే పచ్చ దీపం. దాని వైరుకి ఎడమ, కుడి రెండిటినీ కలిపేస్తే, ఎడమకిచ్చిన కరెంటు ఆ వైరు మీదుగా కుడికీ పోతుంది. ఒక్కో వైరుకి ఒక్కో డయోడ్ వేస్తే వెనక్కి పోకుండా ఆగుతుంది. కొట్లో అడిగితే 1ఎన్4007 అనే రకం చిల్లర డబ్బులకి ఇస్తారు. ఈయన ముందు ఫ్లాషర్ మార్చారు, తర్వాత స్విచ్ మార్చారు, ఆ తర్వాత, “నాలుగూ వెలగడం సేఫ్టీకి మంచిదే” అని సిద్ధాంతం మార్చారు.

మూడోది ఆర్‌పీఎమ్. బండి స్లోలో ఐదొందల దగ్గర తిరుగుతోందని తెర చెబుతుంటే ఆయన పొంగిపోయారు. “చూశారా, ఎంత స్మూత్ ఇంజినో!” ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో రెండు చుట్లకి ఒక స్పార్క్ చాలు. కొన్ని బళ్లు చుట్టుకొకటి ఇస్తాయి, ఈ బుల్లెట్టు రెండు చుట్లకొకటే ఇస్తుంది. మీటరేమో చుట్టుకొకటని లెక్కేసి సగం చూపిస్తోంది. సెట్టింగ్ మార్చుకోవాలని కూతురు చెప్పింది. మార్చగానే స్మూత్‌నెస్ పోయిందని కాసేపు దిగాలుపడ్డారు.

నాలుగోది స్పీడు. కేబులు స్థానంలో చక్రానికి చిన్న అయస్కాంతం, ఫోర్కుకి సెన్సరు వచ్చాయి. చక్రం చుట్టుకొలత మనం చెబితే లెక్క అది వేస్తుంది. మీటరులో ముందే ఉన్న కొలత ఏదో చిన్న చక్రానిది. అందుకని బెంజ్ సర్కిల్ దాకా నలభై దాటకుండా వెళ్లొచ్చానని ఆయన నమ్మారు. దారిలో ఆయన దాటేసిన ఆటోవాళ్లు నమ్మరు. టైరు మీద సుద్దగీత పెట్టి, బండి మీద మనిషి కూర్చుని, ఒక చుట్టు దొర్లించి నేల మీద టేపుతో కొలవాలి. కూతుర్ని బండెక్కించి, భార్య చేత టేపు పట్టించి కొలిస్తే పంతొమ్మిదంగుళాల చక్రానికి రెండు మీటర్ల చిల్లర వచ్చింది.

పెట్రోలు గడి సంగతి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. పాత ట్యాంకులో మట్టం చూసే ఫ్లోటు లేదు, మీటరుకి కబురు చెప్పే వైరూ లేదు. అందుకని ఫుల్ ట్యాంకుతో ఉన్నా ఖాళీ అని కన్ను కొడుతూనే ఉంటుంది. ఆయన ఇప్పటికీ బండిని అటూ ఇటూ ఊపి, చెవి ఒగ్గి చప్పుడు వింటారు. వాళ్ల నాన్న గారి పద్ధతే.

అసలు పరీక్ష హారన్ పెట్టింది. హారన్ కొట్టినప్పుడల్లా తెర ఆరిపోయి, మళ్లీ వెలిగి, నడిరోడ్డు మీద స్వాగతం చెప్పేది. మన ఊళ్లో బండి నడిపితే ఎన్ని స్వాగతాలందుతాయో ఊహించుకోండి. బ్యాటరీ మార్చారు, రెక్టిఫయర్ మార్చారు, హారనూ మార్చారు. చివరికి మెకానిక్ కుర్రాడొచ్చి, “ఎర్త్ ఎక్కడ కొట్టారు సార్?” అన్నాడు. చూపించారు. నిగనిగలాడే రంగు మీద బోల్టు బిగించి ఉంది. కుర్రాడు గరుకు కాగితంతో ఆ చోట రంగు గీకి, మళ్లీ బిగించి, “ఇదే సార్” అన్నాడు. కోటేశ్వరరావు గారు ఎర్త్‌ని ఎప్పుడూ అనుమానించలేదు. అందులో సెట్టింగ్స్ లేవు మరి.

ఇప్పుడు మీటరు పెట్రోలు తప్ప అన్నీ చెబుతోంది. ఎప్పుడు కిక్ కొట్టాలో మాత్రం చెప్పదు. ఆ ఒక్క మాట చెప్పే ముల్లు పాత సామాన్ల డబ్బాలో ఉంది. రోజూ పొద్దున ఆయన కిక్ కొడుతుంటారు, రాడ్ ఎదురు తంతుంటుంది, తెర మీద వోల్టులు, డిగ్రీలు, టైము చక్కగా వెలుగుతుంటాయి. కాసేపటికి తాళం తీసి ఆటో ఎక్కుతారు. బ్యాంకుకి ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో మాత్రం కచ్చితంగా చెప్పగలరు.

మీకూ మీటరు మీద మనసైతే నాలుగు మాటలు. విప్పే ముందు వైరింగు ఫొటో తీసుకోండి. పాత మీటరులో కిలోమీటర్లు ఎంతున్నాయో రాసిపెట్టుకోండి, కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది, రేపు కొనేవాడు అడుగుతాడు. ఒరిజినల్ వైర్లు కోయకుండా కప్లర్లు వాడండి. ఏ తేడా వచ్చినా ముందు ఎర్త్ చూడండి. మీ వీధిలోనూ ఇలాంటి పెద్దమనిషి ఉంటే బండి దగ్గర నిలబడినప్పుడు టైమెంతయిందని అడక్కండి, సెట్టింగ్స్ తెరుస్తారు.