రెండో గోల్‌కీపరు

ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డుకి మొదటి పదకొండుమందిలో చోటు దక్కకపోతే, ఆఖరి పది నిమిషాలకైనా పిలుపొస్తుంది. డిఫెండరును అవసరాన్నిబట్టి అటూ ఇటూ జరుపుతారు. గోలు ముందు చోటు మాత్రం ఒక్కటే. అందులో పాతుకున్నవాడు ముప్పై అయిదు దాటినా కదలడు. అంచేత రెండో గోల్‌కీపరు భవిష్యత్తంతా పక్కవాడి మోకాలి మీద ఆధారపడి ఉంటుంది.

ఆ మాట పైకి అనకూడదు. అనడు కూడా. మొదటివాడి ఒంట్లో ఎలా ఉందో కన్నతల్లికన్నా ఎక్కువ వాకబు చేస్తాడు. "తొడ పట్టేసిందన్నావు, తగ్గిందా? తొందరేం లేదు, ఇంకో రెండు వారాలు చూసుకో."

మ్యాచ్‌కి ముందు మొదటివాడి మీదికి బంతులు తన్ని, వాడి చేతులు వేడెక్కించేదీ ఇతనే. ఆ సేవ కాగానే జెర్సీ మీద బిబ్ తొడుక్కుని, తోటి పెళ్లికొడుకులా ముస్తాబుగా బెంచీ మీద కూర్చుంటాడు. పట్టు కోసం కీపర్లు గ్లవ్స్ తడుపుకుంటారు. ఇతనూ తడుపుకుంటాడు. ఆట ముగిసేసరికి అవి శుభ్రంగా ఆరి ఉంటాయి. మైదానంలో మొదటివాడు పడి లేవలేదా, అప్పుడు చూడాలి ఇతన్ని! మొహం జాలి పడుతుంటుంది, చేతులు గ్లవ్స్ పట్టీ బిగిస్తుంటాయి.

ఇతని కులదైవం టిమ్ క్రుల్. 2014 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో, ఎక్‌స్ట్రా టైమ్ కొన ఊపిరితో ఉండగా, నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ మొదటి కీపరు సిలెస్సెన్‌ని తీసి క్రుల్‌ని దింపాడు. క్రుల్ కోస్టారికా పెనాల్టీలు రెండు ఆపాడు. ఈ కథ ఇతను ఎత్తుకున్నాడంటే వినేవాళ్లకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

పాపం, అందరూ క్రుల్‌లు కారు. 2019 ఫిబ్రవరి, వెంబ్లీ, లీగ్ కప్ ఫైనల్. చెల్సీకీ మాంచెస్టర్ సిటీకీ గోల్లేవు, పెనాల్టీలు ముంచుకొస్తున్నాయి. చెల్సీ 8 కోట్ల యూరోలు పోసి తెచ్చుకున్న మొదటి కీపరు కెపా కాలు పట్టేసినట్టు కూలబడ్డాడు. కోచ్ సారీ, విల్లీ కబయెరోని లేపాడు. సామాన్యుడు కాదు కబయెరో. 2016లో ఇదే కప్పు ఫైనల్లో సిటీ తరఫున మూడు పెనాల్టీలు ఆపినవాడు. సిద్ధమై గీత దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బోర్డు మీద నంబరు వెలిగింది. కెపా మాత్రం వేలు ఆడిస్తూ రానంటే రానన్నాడు! సారీ చిందులు తొక్కి, టన్నెల్ దాకా పోయి తిరిగొచ్చాడు. కబయెరో ఆ ముస్తాబుతోనే వెళ్లి కూర్చున్నాడు. చెల్సీ ఓడింది. కెపా మొండితనం గురించి రాసినవాళ్లు బోలెడుమంది. గీత దగ్గర నిలబడ్డ మనిషి ఇబ్బంది మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు.

మూడు రోజులకి టాటెన్‌హామ్ మీద కబయెరోనే ఆడించారు. ఒక్క గోలూ పడనివ్వలేదు. ఆపై మ్యాచ్‌కి కెపా మళ్లీ హాజరు!

అన్నట్టు, అదే జట్టులో మూడో కీపరు కూడా ఉన్నాడు, రాబ్ గ్రీన్. ఆయన కబయెరో మోకాలిని వాకబు చేసేవాడో లేదో గానీ, 2018-19లో ఒక్క నిమిషమూ ఆడలేదు. మే నెలలో బాకులో చెల్సీ యూరోపా లీగ్ గెలవగానే మాత్రం కప్పు దగ్గర గంతులేసినవాళ్లలో ఆయనా ఉన్నాడు, తొంభై నిమిషాలూ తనే ఆడినట్టు!