సెంటర్ అవుట్‌కు బహిరంగ లేఖ

సెంటర్ అవుట్!

ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ మిషన్ పెట్టుకుని పనిచేసేవాళ్ల తరఫున నీకు ఈ ఉత్తరం. ఒకే అక్షం మీద ఉండాల్సిన ముఖాల సెంటర్లను పక్కకు జరిపేది నువ్వే. చక్ తిరుగుతున్నప్పుడు నువ్వు కంటికి ఆనవు. మైక్రోమీటరుకూ దొరకవు, ఎక్కడ కొలిచినా సైజు సరిగ్గానే ఉంటుంది. భాగాలన్నీ బిగించి మోటారు వేశాకే మోతగా, వేడిగా బయటపడతావు. అప్పటికి కొన్న ఇనుమూ, పడ్డ శ్రమా రెండూ వృథా.

నీ నేరాన్ని ట్రూ చక్ మీదకు నెట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ చక్‌లో జాబ్‌ను పట్టే మూడు జాలూ వెనకనున్న స్పైరల్ పళ్లెం మీద ఒకేసారి కదులుతాయి. మామూలు చక్‌లో 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల తేడా ఉండనే ఉంటుంది, అరిగితే ఇంకా పెరుగుతుంది. కానీ స్పిండిల్ బేరింగులు బాగుంటే, చక్ ఎంత పాతదైనా సరే, టూల్ కోసిన ప్రతి ముఖమూ స్పిండిల్ సెంటర్ మీదే వస్తుంది. నువ్వు దూరేది జాబ్ విప్పి, తిప్పి, మళ్లీ బిగించినప్పుడు. మా తొందర మీదే నువ్వు బతుకుతున్నావు.

రెండు 6203 బేరింగులు కూర్చునే హౌసింగ్ సంగతే చూడు. ఆ బేరింగు బయటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, లోపలిది 17. ఒకవైపు సీటు బోర్ చేసి, జాబ్ తిప్పి పట్టి రెండోవైపు చేస్తే, దేనికది 40కి సరిగ్గా సరిపోతుంది. రెండింటి సెంటర్ మాత్రం ఒకటి కాదు. షాఫ్టును బలవంతాన ఎక్కిస్తే బేరింగులు లేనిపోని భారం మోసి వేడెక్కుతాయి, తొందరగా పోతాయి. తిట్లు బేరింగు చేసినవాడికి! అదే హౌసింగ్‌లో మధ్యన మెట్టు వదలకుండా, ఒక్క బిగింపులో ఈ కొస నుంచి ఆ కొస దాకా 40కే బోర్ చేసి, బేరింగుల నడుమ స్పేసర్ గొట్టం పెడితే నీకు చోటే ఉండదు. మిషన్ ముందు నిలబడకముందే, డ్రాయింగు గీసేటప్పుడే నిన్ను ఓడించవచ్చని నా గట్టి నమ్మకం.

బోరింగ్ చేయడానికి బద్ధకించి డ్రిల్లు వేసి రీమర్ తోసేవాళ్లు కూడా నీకు ఆశ్రయమిస్తున్నారు. డ్రిల్లు పక్కకు పోతే రీమర్ దాని వెంటే పోతుంది. అది సైజు ఇస్తుందే గాని కన్నాన్ని సెంటర్‌కు తేలేదు. ఆ పని బోరింగ్ టూల్‌దే.

షాఫ్టుకు రెండు కొసలా సెంటర్ డ్రిల్ వేసి ఉంచితే, ఎన్నిసార్లు దించి మళ్లీ సెంటర్ల మధ్య ఎక్కించినా అక్షం అదే ఉంటుంది. చూపుకు బాగుండదని ఆ గుంతల్ని చివర్లో కోసేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రేపు ఆ షాఫ్టు బాగుచేయాల్సినవాడు దేన్ని పట్టుకోవాలి?

విప్పక తప్పనప్పుడు నాలుగు జాలూ దేనికది విడిగా కదిలే డాగ్ చక్ ఉంది. డయల్ గేజి ముల్లు 0.10 ఊగితే జాబ్ జరిగింది 0.05 మాత్రమే, కాబట్టి సగమే జరపాలి. ఒక జా వదులు చేసి ఎదుటిది బిగించాలి, ఆపైన రెండో జంట. చక్ దగ్గరా, దూరంగా ఇంకోచోటా చూడాలి. ఒక్కచోటే చూస్తే జాబ్ వాలి ఉన్నా తెలియదు. ఫ్యాక్టరీలో ఐతే నీ తప్పుల్ని గ్రైండింగ్ మిషన్ దిద్దుతుంది. మాకు ఆ ఆసరా లేదు. ఏది ముందు, ఏది తర్వాత అనే వరసే మాకున్న బలం.

తోటి పనివాళ్లకు ఒక్క మనవి. చక్ కీ చేతిలోకి తీసుకునే ముందు డ్రాయింగు ఇంకోసారి చూడండి. ఒకే సెంటర్ మీద రావాల్సిన ముఖం ఒక్కటి మిగిలి ఉన్నా జాబ్ విప్పకండి.