గుర్రం దిగిన చోట

రిటైరైన క్రీడాకారుడి కీర్తిని కొలిచేందుకు తెలుగు అంతర్జాలం తనకంటూ ఒక తూకం ఏర్పరచుకున్న సంగతి హంగరీ దేశపు ఆండ్రాష్ బాల్చోకు తెలిసి ఉండదు. 1963, 1969 మధ్య ఐదుసార్లు వ్యక్తిగత ప్రపంచ విజేతగా నిలిచి, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం కూడా పట్టుకుపోయిన ఆయన ఆట పేరు ఆధునిక పెంటాథ్లాన్, అంటే కత్తిసాము, ఈత, గుర్రపుస్వారీ, పిస్టల్ గురి, పరుగు అనే ఐదింటిలోనూ ఒక్క మనిషే నెగ్గుకురావలసిన పోటీ. శత్రువుల నడుమ చిక్కిన సైనికుడు ఏ విద్యలతో బయటపడతాడో వాటిని కలిపి 1912లో దీన్ని ఒలింపిక్స్‌లో చేర్చారని చెబుతారు. ఐదు విద్యలున్నా తెలుగు పాట ఒక్కటీ లేనందున, నెల్లూరు జిల్లా మైపాడు తీరాన సెల్‌ఫోను ఎత్తిన కుర్రవాడికి ఆయనతో పని పడలేదు.

డేవిడ్ వార్నర్ సంగతి వేరు. 112 టెస్టుల్లో 8786 పరుగులు తీసి, 2016లో 848 పరుగులతో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చిపెట్టిన నాయకుడే అయినా, ఆ ఆస్ట్రేలియా దేశస్థుడు తెలుగువారికి ఇంటి అల్లుడంతటివాడైంది 2020 లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’ పాటకు భార్యతో కలిసి గెంతిన తరువాతనే. ఇంట్లో చిక్కిన సైనికుడు ఒకే విద్యతో బయటపడ్డాడన్నమాట.

ఆ పిమ్మట ఆయన అనుకరించిన ‘శ్రీవల్లి’ స్టెప్పు, అనగా భుజమొకటి ఎగరేసి, కాలీడుస్తూ చెప్పు జారవిడిచి, వెనక్కి వచ్చి దాన్ని తొడుక్కునే ప్రక్రియ, మైపాడులో క్షేత్ర పరిశీలనకు తగినది. ఆ ఇసుకలో చెప్పు జారడానికి నటనతో పనిలేదు, జారినది దొరకడమే గగనం. పక్కనే అలివి వలను, అంటే సముద్రంలో చుట్టివేసి రెండు కొసలా ఒడ్డు నుంచి లాగే పెద్దవలను, మోకాళ్లలోతు నీళ్లలో వెనక్కి వాలి లాగుతున్న మత్స్యకారులు ఫ్రేములోకి వస్తే మాత్రం, కాస్త పక్కకు జరగమని వారికే చెబుతారు. సిడ్నీలో 2000లో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచిన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి సైతం ఈ లెక్కన వెనుకబడినట్టే, ఎందుకంటే ఆమె ఎత్తిన భుజాల మీద బరువుంది, పాట లేదు.

పారిస్ 2024 తరువాత పెంటాథ్లాన్ నుంచి గుర్రాన్ని దించేసి, ఆ చోట అడ్డంకులు దాటే పరుగును పెట్టారు. ఖాళీ ఏర్పడినప్పుడైనా పెద్దలు తెలుగువారిని సంప్రదించవలసింది. అదే 2024 నవంబరులో జరిగిన ఐపీఎల్ వేలంలో వార్నర్‌ను ఏ జట్టూ కొనలేదు. 2025 మార్చి 28న విడుదలైన ‘రాబిన్‌హుడ్’ అనే తెలుగు సినిమాలో ఆయన నటించాడు.