సూచిక: తమరి బెదిరింపు మెయిల్

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక రిటైర్డ్ సూపరింటెండెంటు గారుంటారు. ట్రెజరీలో చేశారా, ఇరిగేషన్‌లో చేశారా అన్నది అనవసరం. కాగితమంటే భక్తి, గడువంటే దడ, ఎదుటివాడి సంతకమంటే అనుమానం. పదవీ విరమణ చేసినా ఈ మూడూ ఆయన్ని విడిచిపోవు. అసోసియేషన్ మినిట్స్ పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. లిఫ్టు ఆగిపోతే వాచ్‌మన్‌ని కేకెయ్యరు, మెమో రాస్తారు. సర్వీసు మొత్తంలో ఒక్క ఛార్జిమెమో కూడా అందుకోలేదన్నది ఆయన స్థిరాస్తి.

అలాంటి మనిషికి ఒకనాటి పొద్దున ఈ-మెయిల్లో ఛార్జిమెమో దిగింది. నీ కంప్యూటర్లో పెగాసస్ పెట్టాను, నువ్వు చూడరానివి చూస్తుంటే కెమెరాతో వీడియో తీశాను, 48 గంటల్లో 1,400 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు, లేదా నీ చుట్టపక్కాలందరికీ ఆ వీడియో వెళ్తుంది. ఇదీ సారాంశం.

ఆయన డెస్క్‌టాప్‌కి కెమెరా లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా వణికారు. లేదని మనం అనుకుంటున్నాం, వాళ్లు పెట్టి ఉండొచ్చు కదా అని మానిటర్ వెనక టార్చి వేసి చూశారు. పెగాసస్ పేరు చూసి భయం మధ్యలోనే కాస్త గర్వం కూడా కలిగింది. 2021లో పేపర్ల నిండా వచ్చిన నిఘా సరుకది. ఇజ్రాయెల్ కంపెనీ ప్రభుత్వాలకే అమ్ముతామని చెప్పుకున్నది. అంత ఖరీదైనది తన దాకా వచ్చిందా!

ఇక చూడరానివి ఏం చూశామో గుర్తు తెచ్చుకోవడానికి ఓ పూట పట్టింది. డీఏ బకాయిల లెక్క చూస్తుంటే పక్కన వచ్చిన చీరల ప్రకటన మీద చూపు కాస్త నిలిచినట్టు జ్ఞాపకం. గుమ్మడికాయల దొంగ అనగానే తడుముకున్నవాడి భుజాన కనీసం బూడిదైనా ఉంటుంది. ఈయన భుజాన ఉన్నది ఉతికిన కండువా.

పంపినవాడి పనితనమంతా ఇక్కడే ఉంది. ఏ రోజో, ఏ సైటో చెప్పడు. ఒక్క బొమ్మ జతచెయ్యడు. అవే అక్షరాలు ఊరంతటికీ పంపి, ఖాళీలు పూరించే పని చదివేవాడికి వదిలేస్తాడు. ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికినవాడే మరీ శ్రద్ధగా పూరిస్తాడు.

సూపరింటెండెంటు గారిని పడగొట్టినవి మరో రెండున్నాయి. మెయిల్ మొదటి వాక్యంలోనే ఆయన పాస్‌వర్డు ఉంది: కులదైవం పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. భార్యకి కూడా చెప్పని రహస్యం! రెండోది, మెయిల్ ఆయన అడ్రసు నుంచే ఆయనకి వచ్చింది. తనని తానే బెదిరించుకున్నట్టు కనపడేసరికి పాపం ఎవరిని అనుమానించాలో తెలియలేదు.

బ్యాంకుకి వెళ్లి బిట్‌కాయిన్ పేరు మీద డీడీ ఇస్తారా అని అడిగారు. కౌంటర్లో అమ్మాయి నవ్వింది. ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద జవాబు మొదలుపెట్టారు.

“సూచిక: తమరి ఈ-మెయిల్. పై సూచికను పురస్కరించుకొని విన్నవించునదేమనగా, అందు పేర్కొన్న వీడియో నకలు నాకు అందియుండలేదు. నకలు అందిన పిమ్మట సమగ్ర వివరణ సమర్పించుకొనగలను. పెన్షను ఒకటవ తారీఖున జమ అగును గనుక గడువు పదిహేను దినములు పొడిగింప ప్రార్థన.”

ఆ రాత్రి గచ్చిబౌలిలో ఉండే మేనకోడలు ఫోన్ చేసింది. గొంతులో తేడా కనిపెట్టి కూపీ లాగింది.

“జవాబు పంపేశావా మావయ్యా?”

“ఇంకా లేదమ్మా. ఫెయిర్ కాపీ కాలేదు.”

“బతికించావ్. పంపితే ఈ అడ్రసులో మనిషున్నాడు, పైగా భయపడ్డాడు అని వాడికి తెలిసిపోయేది.”

పాస్‌వర్డు సంగతి చెప్పింది. 2012లో లింక్డ్‌ఇన్, 2013లో అడోబీ, ఇలా కోట్ల ఖాతాల వివరాలు బయటికి పొక్కాయి. ఆ జాబితాలు కొనుక్కున్నవాళ్లు 2018 నుంచి ఇలా పాత పాస్‌వర్డుతో మెయిళ్లు మొదలుపెట్టారు. మనది పొక్కిందో లేదో ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైట్లో మెయిల్ అడ్రసు కొట్టి చూసుకోవచ్చు. సొంత అడ్రసంటారా, ఇన్‌లాండ్ లెటరు వెనక ‘పంపువారు’ దగ్గర ఎవరి పేరైనా రాసుకోవచ్చు కదా.

“కొత్త పాస్‌వర్డు పెట్టు. పాతది ఎన్ని చోట్ల వాడావో అన్నిచోట్లా మార్చు. డబ్బు కట్టకు, కడితే మళ్లీ అడుగుతాడు. ఇది బలవంతపు వసూలు మావయ్యా, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్.”

సెక్షన్ నంబరు వినగానే ఆయన వెన్ను నిటారైంది. “ముందే చెప్పొద్దూ! అయితే వాడికే మనం మెమో ఇవ్వచ్చన్నమాట.”

“ఇవ్వచ్చు, సైబర్‌క్రైమ్ పోర్టల్లో. కానీ నిజంగా ఎవరైనా వీడియోకాల్ చేసి రికార్డు చేసి బెదిరిస్తే మాత్రం అది వేరే కథ. అప్పుడు సిగ్గుపడి చాటింగులు చెరిపెయ్యకూడదు, అవే సాక్ష్యం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.”

కొన్నాళ్లకు ఇంకోటి వచ్చింది. ఈసారి మూడు సింహాల ముద్రతో: సీబీఐ, ఇంటెలిజెన్స్ బ్యూరో, ఢిల్లీ పోలీసు అంతా కలిసి అశ్లీల నేరం మోపుతూ 24 గంటల్లో సంజాయిషీ అడిగారు. ప్రభుత్వమే ఎన్నోసార్లు నకిలీ అని ప్రకటించిన బాపతు. దీనికైతే మరీ బెంబేలెత్తుతారనుకున్నాం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కసారి చదివి, మొహం చిట్లించారు.

“డిస్పాచ్ నంబరు లేదు. ‘కాపీ టు’ లేదు. మూడు శాఖల ముద్రలు ఒకే కాగితం మీద, అదీ ఒకే తేదీన! మన దేశంలో మూడేళ్లు పడుతుందయ్యా.”

అప్పట్నుంచి అసోసియేషన్ గదిలో సాయంత్రాలు మెయిళ్ల పరిశీలన మొదలైంది. మొన్న నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు అటూ ఇటూ చూసి లోపలికొచ్చాడు.

“అంకుల్, మా ఫ్రెండుకి ఒక మెయిల్ వచ్చిందండీ...”

ఆయన ఫ్రెండు పేరు అడగలేదు. ఎంత కాలం సర్వీసు చేశారు, ఆ మాత్రం తెలియదా!

“జవాబివ్వద్దను, కట్టద్దను, పాస్‌వర్డు మార్చమను. మీవాడి కంప్యూటర్‌కి కెమెరా ఉందా?”

“ఉందండీ.”

“అదృష్టవంతుడు. వాడి భయానికి ఆ మాత్రం ఆధారమైనా ఉంది.”